చేతిచీటీ మీద ఎర్ర డబ్బా

ఆ వానాకాలంలో మా ఆయన తయారు చేసిన ప్రోగ్రాముకి దొంగ అని పేరు పడింది. ఆ పేరు చెరిగేదాకా నాకు కంటి మీద కునుకు లేదని చెప్పుకోవాలని ఉంది గానీ, నేను హాయిగానే నిద్రపోయాను. నిద్ర పట్టనిది మా ఆయనకి. ఊరుకోనిది మా అత్తయ్య.

ప్రోగ్రాం పేరు చేతిచీటీ. ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళనీ ముసలివాళ్ళనీ చూసుకునే నర్సులు అందులో నోట్సు రాసుకుంటారు. ఎవరికి ఏ మందు పడదు, ఎవరిని ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఏ ఇంట్లో కుక్కని కట్టేయమని ముందే చెప్పాలి, ఇలాంటివి. ఈ రోజు వచ్చిన నర్సు రేపు రాకపోవచ్చు. రేపు వచ్చే నర్సుకి ఆ నోట్సే దిక్కు. అలాంటి ప్రోగ్రాములు పెద్ద కంపెనీలవి చాలా ఉన్నాయి. కానీ వాటిల్లో గడులు ఎక్కువ, రాసుకునే చోటు తక్కువ. మాది తెరిస్తే రాసుకోవచ్చు, మూస్తే దాచుకుంటుంది. అంతకుమించి గొప్పలు పోదు. అందుకే నర్సులకి నచ్చింది.

మా ఆయన ముందుగదిలో కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని దాన్ని రాసేవాడు, సరిచేసేవాడు. ఫోన్లు నావి. ఆయనకి మనుషులతో మాట్లాడాలంటే చెమటలు పడతాయి. నాకు మాట్లాడకపోతే పడతాయి. అత్తయ్య బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ ఎవరైనా ఇంటికొస్తే మొహం కంటే ముందు వాళ్ళ చేతుల వంక చూస్తుంది. మా ముగ్గురికీ ఆ ప్రోగ్రామే తిండి పెట్టేది.

మొదటి ఫోను పొద్దున్నే వచ్చింది. ఎవరి ఇంటి మెట్ల మీదో నిలబడి మాట్లాడుతున్న నర్సు, వెనక వాన చప్పుడు.

"మేడమ్, మీ చీటీని పట్టుకుంది."

"ఎవరమ్మా పట్టుకుంది?"

"కంప్యూటరే. ఎర్ర డబ్బా వచ్చింది. ఇది సమాచారం దొంగిలించే ఫైలు, నిర్బంధించాం అని రాసుంది. మా ముసలాయన నోట్సు మొత్తం పోయింది మేడమ్."

పోలేదని చెప్పాను. యాంటీవైరస్ అంటే గుమ్మం దగ్గర కాపలా మనిషి లాంటిది, దానికి ఎవరి మీదైనా అనుమానం వస్తే తీసుకెళ్ళి ఒక గదిలో పెట్టి తాళం వేస్తుంది, తాళం ఎలా తీయాలో నేను చెప్తాను అన్నాను. చెప్పాను, తీసింది, నోట్సు బయటికొచ్చింది. ఏదో ఒక్క మెషీన్లో వచ్చిన చిక్కు అనుకుని టీ పెట్టుకోబోయాను. టీ పెట్టనివ్వలేదు ఫోను. నర్సుల సంస్థలు చాలావరకు ఒకే యాంటీవైరస్ వాడుతున్నాయి. దానికి ఆ తెల్లవారుజామున కొత్త అప్‌డేట్ వచ్చింది. అప్పట్నించి చేతిచీటీలో రాసిన ప్రతి ఫైలునీ అది దొంగే అంటోంది. తాళం తీసి బయటికి తెచ్చినా మర్నాడు పొద్దున్నే మళ్ళీ పట్టుకెళ్ళి లోపల వేస్తోంది.

ఆ కంపెనీకి రాశాం. మీ ఫిర్యాదు అందింది, మీ ఓపికకి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాం. మళ్ళీ ధన్యవాదాలే చెప్పారు. ఆ జవాబు పంపేది మనిషి కాదని మూడోసారికి అర్థమైంది.

వారం గడిచాక ఒక నర్సు ఫోన్ చేసింది. ఆ ఇంటికి కొత్త. రోగి నొప్పితో మూలుగుతున్నాడు. ఆయన కూతురు చేతిలో మాత్ర పెట్టుకుని ఇదే వేయమని పోరుతోంది. నర్సు నోట్సు తెరిచేసరికి ఎర్ర డబ్బా వచ్చి ఫైలుని లాక్కుపోయింది. ఏమీ ఇవ్వొద్దు, ఫైలు బయటికొచ్చేదాకా ఆ పిల్లని ఏదో ఒకటి చెప్పి ఆపు అన్నాను. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. ఫైలు తెరుచుకుంది. ఆ నర్సే పైకి చదివింది. అదే మాత్ర పేరు, పక్కన: ఇది పడదు, కిందటిసారి ఊపిరి ఆడలేదు, మరిచిపోయి కూడా వేయొద్దు.

నేను స్పీకరు పెట్టి మాట్లాడుతున్నాను. మా ఆయన కుర్చీలో ఇటు తిరిగి అంతా విన్నాడు.

ఆ రోజు నించే ఆయన మారాడు. తాను రాసిన ప్రోగ్రాముని మొదటి లైను నించి చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడ తప్పుందో వెతకడం కాదు. తప్పుందని నమ్మేసి వెతకడం. నాకు ఒళ్ళు మండింది. నేనేదైనా తప్పు చేశానని పక్కింటావిడ అంటే నేను ముందు ఆవిడ మొహం చూస్తాను. ఈయన అద్దంలో చూసుకుంటాడు.

"అంత పెద్ద కంపెనీ. వాళ్ళకి కనిపించింది నాకు కనిపించట్లేదేమో," అన్నాడు.

"మీరు రాసింది మీకు తెలియదా?"

"రాసినవాడికే కనిపించదు. ఆ యాంటీవైరస్ నా మెషీన్లోనూ వేసి, కొత్తగా ఒక ఖాళీ ఫైలు తెరిచి చూశాను. అందులో ఒక్క అక్షరం లేదు. దాన్నీ పట్టుకుంది. అంటే తప్పు నర్సులు రాసే దాంట్లో లేదు, నా దగ్గరే ఉంది."

అత్తయ్య మాకు అండగా నిలబడుతుందనుకుంటే అదీ లేదు. ఆవిడ జీవితమంతా పట్టుకునే వైపే ఉంది. తనిఖీ చేసేవాడు ఊరికే చెయ్యి పట్టుకోడు, ఏదో కనిపించే ఉంటుంది అని భోజనం దగ్గర అంది. మా ఆయన తలవంచుకుని మరో ముద్ద పెట్టుకున్నాడు. నాకు ఆ ముద్ద లాక్కుని అత్తయ్య పళ్ళెంలో వేయాలనిపించింది.

వానలు జోరందుకున్నాయి. ఒక మధ్యాహ్నం పెద్ద నర్సు స్వయంగా మా ఇంటికొచ్చింది. మా ప్రోగ్రాం వాడే సంస్థల్లో ఆవిడదే పెద్దది. ఆవిడ ఏది వాడితే మిగతావాళ్ళు అదే వాడతారు. గొడుగు గుమ్మం బయట పెట్టి, తడిసిన చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుంది. అత్తయ్య ఆవిడ చేతుల వంక చూసింది. చేతులు కడిగి కడిగి ముడతలు పడి ఉన్నాయి. అత్తయ్యకి ఆవిడ నచ్చిందని నాకు అర్థమైంది.

పెద్ద నర్సు నాన్చి మాట్లాడే మనిషి కాదు. మీ మీద నాకు అనుమానం లేదు, ఇన్నేళ్ళుగా వాడుతున్నాను అంది. కానీ ఆ మాత్ర సంగతి విన్నాక తనకి నిద్ర లేదంది. నా దగ్గర పనిచేసే పిల్లలు సగం మంది మళ్ళీ కాగితాల్లోకి దిగారు, ఆ కాగితాలు వానకి తడుస్తున్నాయి, వానలు వెలిసేలోపు మీరు ఇది తేల్చకపోతే వేరే ప్రోగ్రాముకి మారిపోతాం, చెప్పకుండా మారడం మర్యాద కాదని వచ్చాను అంది. మా ఆయన అవునవునని తల ఊపాడు. ఆయన వాదించి ఉంటే బాగుండేది. ఆవిడ కూడా అదే ఆశించిందని నాకనిపించింది.

రెండు రోజుల తర్వాత మా అన్నయ్య ఫోన్ చేశాడు. వాడు ఒక సరుకుల గోదాం కంపెనీలో కంప్యూటర్ల విభాగం చూస్తాడు. మా ఆయన్ని తన దగ్గరికి రమ్మని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాడు, ఆపలేదు. ఆ రోజు గొంతులో పెళ్ళికళ ఉంది.

"మొత్తానికి ఒప్పుకున్నాడే బావ. వానలు తగ్గాక చేరతానన్నాడు. నువ్వేం మంత్రం వేశావు?"

నేనే మంత్రమూ వేయలేదు. నాకు తెలియనే తెలియదు. ఆ మాట అన్నయ్యకి తెలియనివ్వకుండా నవ్వి, ఫోను పెట్టి, ముందుగదిలోకి వెళ్ళాను. నాకు చెప్పకుండా ఎందుకు ఒప్పుకున్నారు అని అడిగాను. నువ్వు వద్దంటావని, అన్నాడు. వద్దంటాననే గదా చెప్పాలి అన్నాను. ఆయన కిటికీ వంక చూస్తూ, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చాక కూడా ఇది నా పని అని కూర్చునే ధైర్యం తనకి లేదన్నాడు. చేతిచీటీని ఎవరికైనా అప్పగిస్తానని, ఎవరూ తీసుకోకపోతే మూసేస్తానని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. నాకు భయం వేయడం అరుదు కాబట్టి దాన్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గోదాం ఉద్యోగం చెడ్డదేం కాదు. కానీ తాను దొంగసరుకు తయారు చేశానని అనుకుంటూ అక్కడికెళ్ళే మనిషితో మిగతా జీవితం గడపడం నా వల్ల కాదు.

ఆ ఆదివారం ఫోన్లు తక్కువ. నేను కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఎర్ర డబ్బా ప్రోగ్రాం మీద రావట్లేదు, ఫైళ్ళ మీద వస్తోంది, మరి మీరు ప్రోగ్రాంలో ఎందుకు వెతుకుతున్నారు అన్నాను. ఖాళీ ఫైలు గురించి మళ్ళీ చెప్పాడు. నేను తెర మీద ఆ ఖాళీ ఫైలు పేరు పక్కన, అది ఎంత పెద్దదో చెప్పే అంకె చూపించాను.

"ఖాళీ అయితే దీనికి ఇంత బరువెందుకుంది?"

ఆయన చూశాడు. ఆ ఫైలుని చేతిచీటీలో కాకుండా మామూలు అక్షరాలు చూపించే దాంట్లో తెరిచాడు. తెర నిండా అక్షరాలు. అన్నీ నేను రాసినవే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చేతిచీటీ కొత్త ఫైలుని ఎప్పుడూ శూన్యంలోంచి తయారు చేయదు. మొట్టమొదటి సంవత్సరం మేమొక మాదిరి నోట్సు రాసి పెట్టాం, నర్సులకి ఎలా రాయాలో తెలియడానికి. ప్రతి కొత్త ఫైలూ దాని నకలే. చదువుకున్నాక నర్సు దాన్ని పక్కకి తోస్తే కనిపించకుండా పోతుంది. పోయేది కంటికే, ఫైల్లోంచి కాదు. మా ఆయన తన మెషీన్లో దాన్ని ఎప్పుడో దాచేసి, ఉందన్న సంగతే మరిచిపోయాడు. తన ఇంటి గడపని తానే చూడని మనిషి.

ఇక ఆట మొదలైంది. ఆ మాదిరి నోట్సుని సగానికి కోశాం. పై సగాన్ని యాంటీవైరస్ ముందు పెడితే ఏమీ అనలేదు. కింది సగాన్ని పెడితే ఎర్ర డబ్బా. కింది సగాన్ని మళ్ళీ సగం చేశాం. పప్పులో రాళ్ళు ఏరినట్టు ఒక్కో ముక్కా చూస్తూ పోయాం. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. వాటిని చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని పగలబడి నవ్వాం. ఆ నవ్వు విని అత్తయ్య వచ్చి మా వెనక నిలబడింది. మేము చూసుకోలేదు.

మాదిరి రాయడానికి ఒక రోగి కావాలి కదా. పెళ్ళయిన కొత్తలో నాకు దగ్గర్లో కనిపించిన రోగి అత్తయ్యే. అత్తయ్య పూర్తి నోట్సు చదివింది. పైకే చదివింది, టికెట్ మీద నంబరు చదివినట్టు, ఏ రాగమూ లేకుండా.

"రోగి, అత్తయ్య. వయసు అడిగితే చెప్పదు. కుడి మోకాలు నొప్పి. ఎలా ఉందంటే బాగుందంటుంది. లేచి నడిచేటప్పుడు చెయ్యి ఎక్కడుందో చూడండి. గోడ మీద ఉంటే నొప్పి ఉన్నట్టే. గోడని చూడండి, మాటని నమ్మకండి. మందు వేసుకున్నానంటుంది, డబ్బా మూత తీసి చూడండి. కోపం వస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. ఆ సమయంలో బీపీ చూడకండి."

దొంగ అని పేరు పడ్డ వాక్యాలు గోడవి.

"ఇది ఎంతమంది చదివారు?" అంది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నర్సులందరూనమ్మా."

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చింది. పొద్దున నేను తోమిపెట్టిన గిన్నెలే అవి. మా ఆయన నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. నేను చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించట్లేదు. రాసిందంతా నిజం. కానీ నిజం రాయడం వేరు, రాసినట్టు ఆ మనిషికి తెలియడం వేరు.

ఈలోగా మా ఆయన చేతులు ఊరుకోలేదు. ఆ రెండు వాక్యాలూ తీసేసి పరీక్షించాడు. ఎర్ర డబ్బా రాలేదు. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు వచ్చింది. పాత ఫైళ్ళన్నింట్లోంచీ ఇవి తీసేసే చిన్న ప్రోగ్రాం రాసి రేపే పంపిద్దాం, పీడా పోతుంది అన్నాడు. నేనేదో అనబోయేంతలో అత్తయ్య తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"తీయకు," అంది.

"అదేంటమ్మా?"

"అందులో అబద్ధం ఏముంది? నా మోకాలు, నా గోడ. అది దొంగతనం ఎలా అయింది? నువ్వు తీసేస్తే, ఇన్నాళ్ళూ అక్కడ దొంగ ఉన్నట్టూ ఇప్పుడు పారిపోయినట్టూ అవుతుంది. పట్టుకున్నవాణ్ణి వదలమని అడగాలిరా. మనం జేబులు ఖాళీ చేసుకోవడం కాదు."

నేను అనబోయింది సరిగ్గా అదే. ఆవిడ నాకంటే బాగా అంది. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. లేచి వెళ్ళి కొంగుతో ఆవిడ చేతులు తుడిచాను. ఇన్నేళ్ళ కాపురంలో అలాంటి పని నేను చేయడం అదే మొదలు. ఆవిడ కూడా చేతులు వెనక్కి తీసుకోలేదు. వయసు మటుకు ఇప్పుడూ చెప్పనంది.

మర్నాడు అత్తయ్య ఫోను తన చేతిలోకి తీసుకుంది. ఫిర్యాదుల నంబరుకి మేము చేసి చేసి అలిసిపోయామని చెప్తే, దానికెందుకు చేశారు, కొనేవాళ్ళ నంబరుకి చేయాలి, అది ఎప్పుడూ ఎత్తుతారు అంది. ఎత్తారు. మీ యాంటీవైరస్ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక చిన్న సందేహం ఉంది బాబూ, అని మొదలుపెట్టింది. ఒకరి నించి ఇంకొకరికి, అక్కడి నించి మరొకరికి మారుతూ, ప్రతివాళ్ళకీ ముందు మాట్లాడినవాళ్ళ పేరు చెప్తూ, మధ్యాహ్నానికల్లా అసలు ఫైళ్ళు పరిశీలించే ఆవిడ దగ్గరికి చేరింది. అక్కడ ఫోను మా ఆయన చేతికిచ్చింది. ఆయన చెమటలు తుడుచుకుంటూనే, ముక్కలు చేసి చూసిన సంగతంతా చక్కగా చెప్పాడు. ఆవిడ విని, చూసి చెప్తానంది. నిజంగానే చూసి చెప్పింది.

జరిగింది ఇదీ. ఎవరో దొంగలు నర్సుల సంస్థలకి మెయిళ్ళు పంపారు. తెరిస్తే మెషీన్లో సమాచారమంతా ఎత్తుకుపోయే ఫైళ్ళు. నిజం నోట్సులా కనిపించడానికి ప్రతి ఫైలు పైనా మా మాదిరి నోట్సు అతికించారు. అలాంటివి వందల కొద్దీ దొరికేసరికి, వీటన్నింట్లో ఒకేలా ఉన్నదేమిటని ఆ కంపెనీ మెషీను వెతికింది. దానికి అత్తయ్య గోడ దొరికింది. అదే దొంగ గుర్తు అని రాసుకుంది. దొంగ మా ఇంటి చొక్కా వేసుకుని వెళ్తే, అలాంటి చొక్కా వేసుకున్న ప్రతివాణ్ణీ పట్టుకోమన్నట్టు.

పరిశీలించే ఆవిడ మంచిదే. పొరపాటు మాదే, తర్వాతి అప్‌డేట్‌లో ఈ గుర్తు తీసేస్తాం అంది. తీసేశారు. ఎర్ర డబ్బా రావడం మానేసింది. అంతటితో కథ ముగిసిందనుకున్నాను. మా ఆయన మటుకు గోదాం ఉద్యోగానికి వెళ్ళిపోవడానికి బల్ల సొరుగులు సర్దడం మొదలుపెట్టాడు.

నేను పెద్ద నర్సుకి శుభవార్త చెప్పాను. ఆవిడ సంతోషించింది. తర్వాత నెమ్మదిగా అంది, నువ్వు చెప్పావు కాబట్టి నాకు తెలిసింది, నా పిల్లలకి నేను చెప్తాను, కానీ నమ్ముతారని హామీ ఇవ్వలేను అని. "ఎర్ర డబ్బా వచ్చిందని అందరికీ తెలుసమ్మా. పోయిందని ఎవరికీ తెలియదు. ఈ రోజు రాలేదంటే రేపొస్తుందేమో అనుకుంటారు. మీలో తప్పు లేదని మీరే చెప్పుకుంటే ఎలా కుదురుతుంది?"

ఆ మాట ముందుగదిలోకి వినిపించింది. సొరుగు సర్దుతున్న చప్పుడు ఆగలేదు.

అత్తయ్య మళ్ళీ ఫోను అందుకుంది. ఈసారి నేరుగా ఆ పరిశీలించే ఆవిడకే. స్పీకరు పెట్టమంది. మా ఆయన వినాలని.

గుర్తు తీసేసినందుకు సంతోషం, కానీ అది చాలదు అంది అత్తయ్య. మాకు ఇంతకుమించిన పద్ధతి లేదండీ అంది ఆవిడ, సరిదిద్దుతాం అంతే, ప్రతి పొరపాటుకీ ప్రకటన ఇస్తే జనం మా మాట నమ్మడం మానేస్తారు. అప్పుడు అత్తయ్య చెప్పిన సంగతి నేనెప్పుడూ వినలేదు. మా ఆయన కూడా వినలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"నేను బస్సులో టికెట్లు చూసేదాన్నమ్మా. ఒకసారి ఒక టీచరమ్మని దింపేశాను. పాసు రంగు వేరేగా ఉంది. దొంగ పాసు అన్నాను, అందరి ముందూ. సాయంత్రం ఆఫీసుకెళ్తే, ఆ నెల నించి పాసుల రంగు మారిందన్నారు. మాకు చెప్పడం మరిచారు. ఆవిడ ఇంటికెళ్ళి క్షమించమని అడిగాను. ఫరవాలేదంది. కానీ గుమ్మం దాటి బయటికి రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున అదే బస్సెక్కాను. ఆవిడా ఎక్కింది. ఆగమని చెప్పి, బస్సులో అందరికీ వినిపించేలా చెప్పాను. నిన్న ఈవిడ దగ్గరున్నది మంచి పాసే, తప్పు నాదని. పరువు పోయింది బస్సులో. ఇంట్లో తిరిగి రాదు. బస్సులోనే రావాలి."

అత్తయ్య అక్కడితో ఆపలేదు.

"అలా చెప్పాక నా మాట నమ్మడం మానలేదమ్మా. నేను పట్టుకుంటే నిజంగా పట్టుకున్నట్టేనని ఆ రూట్లో పేరొచ్చింది. మీ ఎర్ర డబ్బా ఎక్కడ కనిపించింది?"

"వాళ్ళ తెరల మీదండీ."

"అయితే అక్కడే చెప్పండి."

ఆవిడ గొంతు మారింది. "ఒక మాట అడగొచ్చా అండీ? ఆ నోట్సులో అత్తయ్య మీరేనా?"

"నేనే."

"మోకాలు ఎలా ఉంది ఇప్పుడు?"

"బాగుంది," అంది అత్తయ్య.

"గోడ పట్టుకున్నారా?"

అత్తయ్య ఉలిక్కిపడి గోడ మీంచి చెయ్యి తీసేసింది. ముందు నవ్వింది మా ఆయన. ఆ వానాకాలమంతటిలో నాతో కలిసి కాకుండా తనంతట తాను నవ్వడం అదే మొదలు. ఆవిడ కూడా అవతల నవ్వుతోంది. పైవాళ్ళని అడుగుతాను, ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను, కానీ ఆ బస్సు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాను అంది.

వాన చినుకులకి దిగింది. గోడల మీద చెమ్మ ఆరడం మొదలైంది. అన్నయ్య సోమవారం అన్నాడు, మా ఆయన సరే అన్నాడు. నేను వాదించలేదు. ఆయన ఉండిపోతే తన ఇష్టంతో ఉండిపోవాలి, నేను కట్టేస్తే కాదు. ఇంత ఓపిక నాలో ఉందని నాకే తెలియదు. చొక్కాలు ఇస్త్రీ చేశాను కూడా. కాస్త గట్టిగానే చేశాననుకోండి.

శనివారం పొద్దున మా ఆయన కంప్యూటరు తెరిచాడు. నేను పక్కగదిలో ఉన్నాను. కుర్చీ కిర్రుమంది, తర్వాత ఏ చప్పుడూ లేదు. చూద్దామని వెళ్ళాను. తెర మధ్యలో ఒక డబ్బా ఉంది. ఎర్రది కాదు, తెల్లది. అందులో ఇలా ఉంది. 'చేతిచీటీ నోట్సు ఫైళ్ళు ప్రమాదకరమైనవని మేము ఇంతకుముందు ఇచ్చిన హెచ్చరిక తప్పు. ఆ ఫైళ్ళలో ఏ దోషమూ లేదు. పొరపాటు మాది.' చదివానని ఒప్పుకుంటే గానీ డబ్బా మూసుకోదు. ఎర్ర డబ్బా చూసిన ప్రతి తెర మీదా ఇది వచ్చింది.

మా ఆయన దాన్ని చదువుతున్నాడు. చదివి మళ్ళీ మొదటికొచ్చాడు. అత్తయ్య వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన కళ్ళు తుడుచుకుని, చదివాను అన్న చోట నొక్కాడు.

అంతలోనే ఫోన్లు మొదలయ్యాయి. పెద్ద నర్సు చేసింది, పిల్లలందరూ తెరలు చూపించుకుంటున్నారని చెప్పింది. కాగితాలు పారేయమన్నానంది. ఆవిడ పెట్టేయగానే ఇంకో నర్సు. నోట్సులో రెండు ఫోటోలు పెడితే రెండోది తలకిందులుగా వస్తోందట, ఎన్నాళ్ళనించో చెప్దామనుకుంటోందట. నేను రాసుకోబోతుంటే మా ఆయన చెయ్యి చాచాడు. ఫోను ఇచ్చాను. ఏ ఫోను మోడలమ్మా, ఫోటో నిలువుగా తీశావా అడ్డంగా తీశావా, అని అడుగుతూ, సొరుగులోంచి సర్దేసిన కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరుచుకుంటున్నాడు.

నా ఫోను మోగింది. అన్నయ్య.

"కుర్చీ వేయించానే. కిటికీ పక్కనే. సోమవారం ఎన్నింటికి బయల్దేరతాడో కనుక్కుందామని. బావకివ్వు."

నేను ముందుగదిలోకి చూశాను. ఆయన తెర మీదికి వంగి, ఇంకోసారి తీసి చూడమ్మా, నేను లైన్లోనే ఉంటాను, అంటున్నాడు.

"ఇప్పుడు కుదరదన్నయ్యా," అన్నాను. "ఆయన పనిలో ఉన్నారు."